నెల్లూరు ఆదివారం గ్రాండ్ టెస్టులు: హాలు బాగుంది, ర్యాంకుల గోలే చేటు

మాగుంట లేఅవుట్‌లో ఆదివారాలు మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌కి గ్రాండ్ టెస్టులు, అంటే పూర్తి నమూనా పరీక్షలు, పెడుతున్న ఒక సెంటర్ గురించి ఈ రివ్యూ. పది టెస్టులకు 1,500 రూపాయలు. క్లాసులుండవు, పరీక్ష ఒక్కటే. ఇంట్లో అన్నీ అప్పజెప్పి, హాల్లో కూర్చోగానే చేతులు చల్లబడి తెలిసినవే తప్పుపెట్టే పిల్లలకు పనికొస్తుంది.

మెచ్చుకోవాల్సింది టైమింగు. అసలు పరీక్షలాగే 1:30కి గేటు వేసేస్తారు, 2 నుంచి 5 దాకా పరీక్ష. నెల్లూరు ఎండలో అన్నం తినొచ్చి, మూడింటికి కునుకు పట్టకుండా లెక్క చెయ్యడం కూడా అలవాటు కావాలి కదా! నల్ల బాల్ పెన్ను వాళ్లే ఇస్తారు. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, తప్పుకు మైనస్ ఒకటి.

టెన్షన్ దెబ్బ ముందు ఫిజిక్స్ మీద పడుతుంది. బయాలజీలో చదివింది గుర్తొస్తే చాలావరకు సరిపోతుంది. ఫిజిక్స్‌లో సూత్రం, యూనిట్లు, సగం చేసిన లెక్క మూడూ ఒకేసారి మనసులో నిలవాలి. ‘టైమైపోతోంది’ అన్న భయం ఆ చోటునే ఆక్రమిస్తుంది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చడం మర్చిపోయేది అందుకే. ఇక్కడ చెప్పే పద్ధతి బాగుంది: బయాలజీ 90 ప్రశ్నలు 45 నిమిషాల్లో, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కి 65, మిగిలిన 20 సరిచూసుకోడానికి. ఓఎంఆర్ జవాబు పత్రంలో రౌండ్లన్నీ చివర్లో దిద్దితే, ఒక ప్రశ్న వదిలేసిన చోటు నుంచి వరసంతా జరిగిపోతుంది, పెన్నుతో దిద్దింది చెరపలేం. పేజీ అవగానే ఆ పేజీవి దిద్దమంటారు, తిరుగుతూ చూస్తారు కూడా.

చేతి గడియారాలు రానివ్వడం మాత్రం తప్పు. అసలు హాల్లో గోడ గడియారమే దిక్కు. గేటు వేశాక పేపరిచ్చేదాకా పిల్లల్ని ఊరికే కూర్చోబెడతారు. అప్పుడు తెల్లకాగితమిచ్చి, మనసులో ఉన్న భయాలన్నీ పది నిమిషాలు రాయించొచ్చు. అలా రాయిస్తే కంగారుపడే పిల్లలకు మార్కులు మెరుగుపడ్డాయని రామిరెజ్, బైలాక్ అనే మనస్తత్వ పరిశోధకులు 2011లో చూపించారు.

అసలు ఇబ్బంది ర్యాంకులతో. రాత్రి 7 కల్లా పేర్లతో సహా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడతాయి. సరైన జవాబుల కీ, వివరణలు మాత్రం మంగళవారానికి గానీ రావు. ర్యాంకుకున్న తొందర తప్పులకు లేదన్నమాట. ర్యాంకు పడిపోతుందని జడిసి, ముందు ఏ సబ్జెక్టు చేస్తే తనకు నప్పుతుందో మార్చి చూసుకునే ధైర్యం కూడా పిల్లలకు ఉండదు. అది తేల్చుకోవాల్సింది ఇక్కడే.

అడిగితే ఆ వాట్సాప్ గ్రూపులో మన ఫోన్ నంబరు పెట్టకుండానే పిల్లల్ని టెస్టులకు చేర్చుకుంటున్నారు. ఫీజు కట్టేముందే ఆ మాట తేల్చుకోండి.