‘తేల్చలేము’ అని రాయడం నేర్పిన ఫోరెన్సిక్ కోర్సు

ఉద్యోగం చేసుకుంటూ చదివే ఫోరెన్సిక్ సైన్స్ సర్టిఫికెట్ కోర్సులో చేరి రెండేళ్లు కావస్తోంది. పూర్తిచేసి తొమ్మిది నెలలయింది. పాఠ్యాంశాలు, అర్హతలు, వ్యవధి ఎక్కడైనా దొరికే వివరాలే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది వివాదాస్పద పత్రాల విభాగంలో, అంటే సంతకాలు, దస్తూరి అసలువో నకిలీవో పరీక్షించే పాఠాల్లో, ఇచ్చిన ఒకే ఒక్క అభ్యాసం గురించి. కట్టిన ఫీజు మొత్తం దానికే చెల్లిపోయిందని ఇప్పటికీ అనుకుంటాను.

11 ఏళ్లుగా బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు సరిచూడటం నా పని. సంతకంలో తేడా ఉంటే చూపు పడగానే పట్టేస్తానని తోటివాళ్లు అనేవారు. నేనూ అలాగే నమ్మాను. నిజానికి ఈ కోర్సులో చేరింది ఆ నమ్మకానికి ఒక కాగితం సంపాదించుకుందామనే.

ఆ అభ్యాసం తపాలాలో వచ్చింది. ఒకే పేరుతో చేసిన 12 సంతకాలు, వాటితో పోల్చడానికి ఆ వ్యక్తి చేసినట్టు నిర్ధారణ అయిన ఆరు నమూనాలు. ఫోటోలు కావు, సిరా అంటిన అసలు కాగితాలు. ఎన్ని నకిలీవో చెప్పలేదు. ప్రతి సంతకానికీ మూడు గడులు: ఆయనదే, ఆయనది కాదు, తేల్చలేము. ఏ గడిలో గుర్తు పెట్టినా కారణాలు రాయాలి. గడువు రెండు వారాలు. నేను ఒక్క సాయంత్రంలో ముగించాను. మూడో గడిని ముట్టుకోనే లేదు.

నాలుగో సంతకంలో గీతలు వణికాయి. అక్షరం మధ్యలో కలం ఎత్తి మళ్లీ ఆనించిన చోట్లున్నాయి, ఆగిన చోటల్లా సిరా చిక్కగా దిగింది. చూసి చూసి నెమ్మదిగా దించిన సంతకానికి ఉండే లక్షణాలు ఇవేనని పాఠంలో చదివాను కూడా. ‘ఆయనది కాదు’ అని తడబాటు లేకుండా రాశాను. తొమ్మిదోది ధారాళంగా, రెండో నమూనాను చూస్తున్నట్టే ఉంది. ‘ఆయనదే’ అన్నాను.

రెండూ తప్పే. నాలుగోది ఆ మనిషే జబ్బుపడి, మంచం మీద పడుకుని చేసిన సంతకం. తొమ్మిదోది రెండో నమూనాను కింద వెలుతురు పెట్టి, చేయి తిరిగేదాకా సాధన చేసి దిద్దినది. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే గీతకు గీత కలిసిపోయింది. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం చేయడు. ఈ మాట కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ నేనే చెప్తూ వచ్చాను. అయినా ఆ కాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లలో తిప్పి పంపిన చెక్కులు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

మా జవాబు పత్రాలు దిద్దినావిడ ఈ రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. నా జవాబుల మీద రెండు పేజీలు రాశారు. అందులో ఒక ప్రశ్న: ‘నమూనాలు ఏ సంవత్సరానివో చూశారా?’ చూడలేదు. ఆరూ ఒకే ఏడాదివి. నాలుగో సంతకం వాటికి ఎనిమిదేళ్ల తరువాతిది. దస్తూరి వయసుతో, జబ్బుతో, కూర్చున్న తీరుతో మారుతుంది. పక్కన పెట్టి పోల్చడానికి ఆ కాలపు నమూనా లేనప్పుడు నిజాయతీగా చెప్పగలిగింది ‘తేల్చలేము’ ఒక్కటే. 1983లో ఒక జర్మన్ పత్రిక ప్రచురించిన హిట్లర్ డైరీల ఉదంతాన్ని కూడా ఆవిడే రాశారు. దస్తూరి నిపుణులు వాటిని అసలైనవన్నారు. తీరా చూస్తే వారికి పోలిక కోసం ఇచ్చిన నమూనాల్లోనూ అదే నకిలీకారుడు రాసినవి ఉన్నాయి. కాగితంలో యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనం బయటపడటంతో గుట్టు రట్టయింది. పోల్చడం కన్నా ముందు నమూనా ఎక్కడిదో అడగాలని నాకు అప్పుడు ఒంటబట్టింది.

మొన్న ఒక వృద్ధ ఖాతాదారు చెక్కు వచ్చింది. సంతకం వణికి ఉంది, మా దగ్గరున్న నమూనా చాలా పాతది. ‘ఉన్న నమూనాతో తేల్చలేము, కొత్తది కావాలి’ అని రాసి పై అధికారికి పంపాను. ఆయన విసుక్కున్నారు. విచారిస్తే అది ఆవిడ సంతకమే, చేతికి పక్షవాతం వచ్చిందట. మునుపైతే ఆ చెక్కు తిరిగి వెళ్లిపోయేది.

చేరిన మొదటి ఆరు నెలల్లో కనిపించిన వారందరికీ ఈ కోర్సు చదవమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వేలిముద్రలకు ఒక పొడి, కుంచె, టేపు పంపారు కాబట్టి అది కాస్త వంటబట్టింది. డీఎన్ఏ, రక్తపు మరకల పాఠాలు మాత్రం ముందే చిత్రీకరించిన ఉపన్యాసాలే. మరక వెడల్పును పొడవుతో భాగించి చుక్క ఏ కోణంలో పడిందో లెక్కకట్టడం పరీక్ష దాకా గుర్తుంది, తరువాత లేదు. వారానికి ఎనిమిది గంటలు చాలన్నారు. పత్రాల విభాగంలో నాకు 15 గంటలు పట్టాయి. ఇంట్లో పనంతా మావాళ్లు మీద వేసుకోకపోతే మధ్యలోనే మానేసేదాన్ని.

ఈ సర్టిఫికెట్‌తో ఎవరూ పత్రాల నిపుణులు కారు. దానికి అనుభవజ్ఞుల దగ్గర కనీసం రెండేళ్లు పూర్తికాల శిక్షణ కావాలి. ప్రయోగశాలలో ఉద్యోగం ఆశించి చేరిన నా సహాధ్యాయి ఒకరు ఇప్పటికీ పాత ఉద్యోగంలోనే ఉన్నారు. రోజూ సంతకాలు చూసే నాకు పనికొచ్చింది. మరో వృత్తిలో ఉన్నవారికి ఇంతగా పనికొస్తుందని చెప్పలేను.

మా తరువాత చేరినవారికి ఆ 12 సంతకాలను స్కాన్ చేసి పంపుతున్నారని విన్నాను. అదే నిజమైతే సిరా చిక్కదనం, కలం ఒత్తిడి వాళ్లకు అంత స్పష్టంగా కనిపించవు. అందుకే ఎక్కడ చేరబోతున్నా డబ్బు కట్టే ముందు రెండు సంగతులు కనుక్కోండి: అసలు కాగితాలు పంపుతారా, జవాబులు దిద్దేది ఎవరు. నేను అవేమీ అడగకుండానే చేరాను. ఆవిడ దొరకడం నా అదృష్టం.