ట్రైలర్ వెనక తగిలించిన 125 కిలోలు

కారు వెనక లాక్కెళ్లే, లోపలే పడుకునే ట్రైలర్‌తో ఆరు రోజుల ప్రయాణం అనుకుని బయలుదేరాం. అందులో మూడు రోజులు ట్రైలర్ వెనక బిగించిన, సామాను మోసే ఒక ఇనుప రాక్ మింగేసింది. మీలో ఎవరైనా ఇలాంటి రాక్ బిగించుకునే ఆలోచనలో ఉంటే ముందు ఇది చదవండి.

వెళ్లింది నేను, మా ఆవిడ, బావ, ఇద్దరు పిల్లలు. రెండు బ్యాటరీ సైకిళ్లు, ఒక జనరేటర్ తీసుకెళ్లాలని పిల్లలూ బావా పట్టుబట్టారు. లోపల పెడితే కాలు పెట్టే చోటుండదు. ఒక వెల్డింగ్ షాపతను వెనక బంపర్‌కు యూ క్లాంపులు వేసి రాక్ బిగించి ఇచ్చాడు. "ఎంత పెట్టినా మోస్తుంది సార్, పూచీ నాది" అన్నాడు. ట్రైలర్ బరువెంతో అతను అడగలేదు. యాక్సిల్‌కూ (చక్రాల ఇరుసు) రాక్‌కూ దూరమెంతో కొలవలేదు. నాకు కోపమంతా అక్కడే. సైకిలు ఒక్కోటి 25 కిలోలు, జనరేటర్ 45, రాక్ ఇనుము 30. మొత్తం 125 కిలోలు.

మొదటి రోజు చెరువు పక్కన ఒక క్యాంప్‌లో దిగాం. చదునైన జాగా, శుభ్రమైన బాత్రూములు, మళ్లీ వెళ్తాం. దారంతా చిన్న రోడ్లే, బండి 60 దాటలేదు. అందుకే ఏ తేడా తెలియలేదు.

రెండో రోజు పెద్ద రోడ్డెక్కాం. కొంచెం దిగుడు, వేగం 95. పక్క నుంచి ఒక లారీ దాటింది. దాని గాలికి ట్రైలర్ వెనక భాగం ఒక పక్కకు జరిగింది, వెంటనే రెండో పక్కకు. మూడో ఊపుకి కారు వెనక చక్రాలు కూడా దానితో పాటే జరుగుతున్నట్టు సీట్లో తెలిసింది. నేను కంగారులో కారు బ్రేక్ తొక్కాను. అది తప్పు. అలా తొక్కితే వెనక బరువు ముందుకు తోసుకొచ్చి ఊగుడు ఇంకా పెరుగుతుంది. బావ "బ్రేక్ వదులు, స్టీరింగ్ కదపకు" అని అరుస్తూ డాష్‌బోర్డ్ కింద ఉన్న కంట్రోలర్ మీట నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేశాడు. యాక్సిలరేటర్ వదిలేశాను. 60కి వచ్చాక బండి నిలదొక్కుకుంది. పక్కకు ఆపాక పిల్లలు ఏడుపు అందుకున్నారు. మా ఆవిడ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

దిగి చూస్తే బంపర్ ఎడమ వైపు వెల్డింగ్ సగం చీలిపోయింది, రాక్ కిందికి వంగింది, వెనక లైటు తీగ తెగి వేలాడుతోంది. ఆ బంపర్ పలుచని రేకుతో చేసిన నాలుగు అంగుళాల చదరపు గొట్టం. మా ట్రైలర్‌లో డ్రైనేజీ పైపు దాచుకునేది అందులోనే. గతుకు పడ్డప్పుడల్లా ట్రైలర్ తోక ఎగిరి పడుతుంది, ఆ కుదుపులో రాక్ బరువు కొన్ని రెట్లై వెల్డింగ్ మీద పడుతుంది. చాలా సైకిల్ రాక్‌ల పుస్తకాల్లో ట్రైలర్‌కు వాడొద్దని రాసి ఉంటుంది. మా రాక్‌కు పుస్తకమే లేదు.

మూడో రోజు మెల్లగా దగ్గర్లోని కాటా దగ్గరికి చేరాం. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన మనిషి అక్కడి ఆపరేటర్. వెనక లారీలు లేని సమయం చూసి, విసుక్కోకుండా మూడుసార్లు తూచాడు. ముందు కారు ఒక్కటే: 2,480 కిలోలు. తర్వాత ట్రైలర్ తగిలించి, దాని ముందు బరువును అన్ని చక్రాలకూ పంచే స్ప్రింగ్ బార్లు విప్పి, కారు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి: 2,620. అంటే హిచ్ బాల్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే గుండు) మీద పడుతున్నది 140 కిలోలే. మూడోసారి ట్రైలర్‌ను విడదీసి తూస్తే 2,125. ఏడు శాతం కూడా లేదు! ఇలాంటి ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు బాల్ మీద పడాలి.

లెక్క కష్టమేం కాదు. మా ట్రైలర్‌లో బాల్ నుంచి యాక్సిల్‌కు 5 మీటర్లు, యాక్సిల్ నుంచి రాక్‌కు 4 మీటర్లు. వెనక 125 కిలోలు పెడితే ముందు 100 కిలోలు లేచిపోతాయి, యాక్సిల్ మీద 225 కిలోలు అదనంగా పడతాయి. రాక్ లేనప్పుడు మా టంగ్ వెయిట్ (బాల్ మీద పడే బరువు) 240, మొత్తం 2,000, అంటే 12 శాతం. మేమే చేజేతులా పాడుచేసుకున్నాం.

"అయితే ముందు కూడా బరువు పెడితే సరి" అన్నాడు బావ. శాతం సరిపోతుంది కానీ ఊగుడు గుణం పోదు. రెండు కొసలా నిండు కుండలు వేలాడే కావడి ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆపడం ఎంత కష్టం! ట్రైలర్ కూడా అంతే. బరువు యాక్సిల్ దగ్గర ఉండాలి. ఊగుడు ఆపే బార్ కొనమని దారిలో ఒకాయన చెప్పాడు. మంచి సామానే, కానీ తప్పుగా ఎక్కించిన బరువును అది సరిచేయదు.

రిపేరు కోసం ఆగిన రెండో క్యాంప్‌కు మాత్రం వెళ్లకండి. ఏటవాలు స్థలం ఇచ్చారు, రాత్రంతా పిల్లలు మంచం మీంచి జారుతూనే ఉన్నారు. రిపేరు మనిషిని లోపలికి రానిచ్చేది లేదన్నారు, ట్రైలర్ కదలలేని స్థితిలో ఉన్నా అదనపు రోజుకు పూర్తి అద్దె తీసుకున్నారు. చివరికి రోడ్డు మీదే పని చేయించాం. వచ్చిన మెకానిక్ రాక్‌ను మళ్లీ అతికించనని ఖచ్చితంగా చెప్పాడు. ఫ్రేమ్ చివర పెయింట్‌లో సన్నని గీత చూపించి, ఇంకో వంద కిలోమీటర్లు పోయి ఉంటే బంపర్ రోడ్డు మీద పడేదన్నాడు. రాక్‌కు ఇచ్చినదానికి రెండింతలు రిపేరుకు పెట్టాం. ఆ డబ్బు విషయంలో నాకు బాధ లేదు.

జనరేటర్ కారు డిక్కీలోకి వెళ్లింది, సైకిళ్లను యాక్సిల్ పైన నేల మీద పడుకోబెట్టి బెల్టులతో కట్టాం. పిల్లలు కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు, ఒక్కరూ గొణగలేదు. అదే కాటా మీద మళ్లీ తూచాం: ముందు 240, మొత్తం 2,050. తిరుగు దారిలో 80 దాటలేదు. లారీలు పక్కగా పోతుంటే బండి ఒక్కసారి కదిలి సర్దుకునేది. బావ చెయ్యి మాత్రం ఆ మీట దగ్గరే ఉంది.

ఇంటికొచ్చాక వంగిపోయిన రాక్ తీసుకెళ్లి ఆ వెల్డింగ్ షాపులో పెట్టాను. సగం డబ్బు వెనక్కిస్తానన్నాడు. డబ్బు వద్దు, ఇంకే ట్రైలర్ బంపర్‌కూ ఇలాంటిది బిగించనని మాటివ్వు అన్నాను. ఇంతవరకూ ఇవ్వలేదు.