ఆరేళ్ల బరువుల చిట్టా: పవర్‌లిఫ్టింగ్, బాడీబిల్డింగ్ రెండూ చేసి చూశాక

మాది తణుకు దగ్గర ఊరు. రైస్‌మిల్లులో గుమస్తా పని. రోజంతా బస్తాల లెక్కలు రాయడమే గానీ ఒక్క బస్తా ఎత్తిన పాపాన పోలేదు. 2019లో, 27 ఏళ్ల వయసులో, 58 కిలోల బరువుతో జిమ్‌లో చేరాను. లాక్‌డౌన్ నెలలు పోను మొదటి ఏడాదిన్నర బాడీబిల్డింగ్ పద్ధతి, తర్వాత రెండేళ్లు పవర్‌లిఫ్టింగ్ చేశాను. ఇప్పుడు చేస్తున్నది రెండూ కలిపిన కిచిడీ. కొత్తగా చేరిన కుర్రాళ్లు "ఏది మంచిదండీ" అని అడుగుతూనే ఉంటారు కాబట్టి నా అనుభవం ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఒక సంగతి. పవర్‌లిఫ్టింగ్ అనగానే మా ఊళ్లో అందరూ "మల్లీశ్వరి చేసిందే కదా" అంటారు. కాదు. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది వెయిట్‌లిఫ్టింగ్‌లో. అందులో బరువును తలపైకి లేపాలి. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్ (బారు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బారును ఛాతీ మీంచి పైకి తోయడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బారును పట్టుకుని నిటారుగా లేవడం) అని మూడే ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కసారికి ఎంత ఎత్తగలవన్నదే లెక్క. ఇది ఒలింపిక్స్‌లో లేదు. బాడీబిల్డింగ్‌లో ఎంత ఎత్తావని ఎవరూ అడగరు, కండ ఎలా ఉందో చూస్తారు.

నేను చేరిన జిమ్‌లో గోడ మీద చార్టు ఉండేది. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, అలా శనివారం కాళ్లు. మా వైపు ఏ జిమ్‌కెళ్లినా సోమవారం సాయంత్రం బెంచీల దగ్గర క్యూ ఉంటుంది, శనివారం కాళ్ల మెషీన్ల మీద తువ్వాళ్లు ఆరేసి ఉంటాయి. నేనూ ఆ బాపతే. అయినా ఆ రోజులు బాగుండేవి. గంటలోపు పని అయిపోయేది, కీళ్లు నొప్పి పెట్టేవి కావు, కండ ఉబ్బి చొక్కా చేతులు బిగుసుకుంటే ఇంటికెళ్లేదాకా హుషారుగా ఉండేది. ట్రైనర్ ఒక్కటే అడిగేవాడు: "పంప్ వచ్చిందా?"

వచ్చేది. పొద్దున్నకి పోయేది.

ఏడాదిన్నరకు ఆరు కిలోలు పెరిగాను, అందులో పొట్ట వాటా ఎంతో చెప్పలేను. మూడో నెలలో ఎత్తిన డంబెల్‌నే పద్దెనిమిదో నెలలోనూ ఎత్తుతున్నానని తెలిసింది ఎప్పుడంటే, పక్కవాడు తీసిన పాత వీడియో చూసినప్పుడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఊళ్లోవాళ్ల ధాన్యం పద్దులు రాసే మనిషిని, నా ఒంటి పద్దు ఒక్కరోజూ రాసుకోలేదు. తప్పు బాడీబిల్డింగ్‌ది కాదు, నాది. కాకపోతే ఆ పద్ధతిలో ఇలాంటి తప్పు నెలల తరబడి బయటపడదు. అద్దంలో రోజూ చూసుకునే మనిషికి మార్పు కనబడదు, మార్పు లేదన్న సంగతీ కనబడదు.

2021 సంక్రాంతికి కాకినాడ నుంచి మా బాబాయిగారబ్బాయి వచ్చాడు. యూనివర్సిటీ తరఫున పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో దిగినవాడు. "స్క్వాట్ ఎంత కొడుతున్నావ్ అన్నయ్యా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అసలు మా జిమ్‌లో స్క్వాట్ ర్యాకే, అంటే బారు ఆనించే స్టాండే లేదు. ఓనర్ మంచివాడు, నలుగురం అడిగితే వెల్డింగ్ షాపులో ఒకటి చేయించాడు.

వారానికి మూడు రోజులు, ఐదేసి రెప్పులు (అంటే ఆపకుండా ఐదేసి సార్లు ఎత్తడం), వచ్చిన ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచడం. అంతే ప్లాను. 40 కిలోలతో మొదలైన స్క్వాట్ ఐదు నెలల్లో 100కి వెళ్లింది. చొక్కా సైజు మాత్రం అదే. మొదటి నెలల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు పని నేర్చుకోవడం వల్ల వస్తుంది, కండ వెనకాల నెమ్మదిగా వస్తుంది. ఇది ముందే తెలిస్తే కొత్తవాళ్లు సగం నిరాశ పడరు.

ఆ 100 గురించి ఇంకో ముచ్చట. నాకు అనుమానం వచ్చి ఒక ఆదివారం బారు, నాలుగు ప్లేట్లు మిల్లుకి పట్టుకెళ్లి కాటా మీద పెట్టాను. 20 కిలోలు ఉండాల్సిన బారు 16.2 తూగింది. 20 అని పోతపోసిన ప్లేట్లు నాలుగూ కలిపి 76.1. నా 100 కిలోల స్క్వాట్ కాస్తా 92.3 అయింది. తరుగు తీసే వ్యాపారంలో ఉన్నవాడికే తరుగు పడింది! అసలు బరువులు పెయింటుతో ప్లేట్ల మీద రాసేశాను. ఓనర్ రెండ్రోజులు మాట్లాడలేదు. పవర్‌లిఫ్టింగ్ చేయాలనుకునేవాళ్లు ముందు ఈ పని చేయండి. బాడీబిల్డింగ్‌కి ప్లేటు 20 తూగినా 19 తూగినా తేడా లేదు, అలసట అలసటే.

రెండో ఏడు ఒక చిన్న పోటీకి వెళ్లాను, 74 కిలోల విభాగం. స్క్వాట్‌లో మొదటి ప్రయత్నం 110, తేలిగ్గానే లేపాను. ఎర్ర లైట్లు వెలిగాయి, అంటే జడ్జీలు చెల్లదన్నారు. తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి, నేను దిగలేదు. జిమ్‌లో అందరూ "సూపర్" అన్నవాళ్లే గానీ దిగావా లేదా అని చూసినవాడు లేడు. రెండోసారి అదే 110 ఒళ్లు దగ్గర పెట్టుకుని దిగి లేచాను, తెల్ల లైట్లు. బెంచ్‌లో బారు ఛాతీ మీద కదలకుండా ఆగాక "ప్రెస్" అంటారు, టెన్షన్‌లో ముందే తోసేసి ఒక ప్రయత్నం పోగొట్టుకున్నాను. చివరికి 110, 75, 160 కలిపి 345. ఎవరికీ గొప్ప అంకె కాదు. కానీ ఆ రోజు ఇంటికొస్తూ బస్సులో మూడు అంకెలూ ఎన్నిసార్లు కూడుకున్నానో.

ఇక నష్టం సంగతి. 2023 ఏప్రిల్, దాళ్వా ధాన్యం మిల్లుకు దిగే రోజులు. రాత్రి పన్నెండు దాకా లారీలు, నిద్ర నాలుగైదు గంటలు. ఉక్కపోతకు బారు చేతిలో జారిపోతోంది. చాక్ తెమ్మంటే నల్లబల్ల సుద్దముక్కలు తెచ్చారు. అది పనికిరాదు, కావాల్సింది మెగ్నీషియం కార్బనేట్ పొడి. ఆ స్థితిలో ప్రతి ఆదివారం డెడ్‌లిఫ్ట్‌లో కొత్త రికార్డు కోసం తయారు. 165 మోకాలి దాకా వచ్చేసరికి నడుం కలుక్కుమంది. మూడు వారాలు చెప్పులు కూడా వంగి తొడుక్కోలేకపోయాను. సరైన పవర్‌లిఫ్టింగ్ ప్లానులో వారం వారం మాక్స్ (ఒక్కసారికి ఎత్తగలిగే అత్యధిక బరువు) చూడమని ఎవరూ చెప్పరు, అది నా అత్యాశ. కానీ అంకెకి ఆ గుణం ఉంది, ఇంకో రెండున్నర ఇంకో రెండున్నర అని లాగుతుంది. నిద్ర తక్కువైన వారం బాడీబిల్డింగ్‌లో డంబెల్ ఒక సైజు తగ్గించుకుని బయటపడొచ్చు. బారు మీద మాక్స్ ఉన్నప్పుడు ఆ వెసులుబాటు ఉండదు.

నడుం పట్టుకుని కుర్చీలో కూర్చుంటే మా ముఠా మేస్త్రి చూసి నవ్వాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఇప్పటికీ 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీద వేసుకుని పలకెక్కుతాడు. "ఆయ్, మేం రోజంతా మోస్తామండి గుమస్తా గారూ. అంతేగానీ ఒక్క ఊపులో ఎంత మోయగలమా అని ఏరోజూ చూసుకోలేదండి. చూసుకుంటే రేపు పనికెవడొస్తాడండి?"

ఆ తర్వాత పద్ధతి మార్చాను. వారానికి నాలుగు రోజులు. ముందు స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్‌లలో ఒకటి, ఐదు నుంచి ఎనిమిది రెప్పులు. తర్వాత రోయింగ్, పుల్‌డౌన్, డంబెల్ ప్రెస్, బైసెప్స్ వగైరా, పది పదిహేను రెప్పులు, ఇక ఒకటో రెండో మాత్రమే తీయగలం అనేదాకా. ప్రతి కండకీ వారానికి రెండుసార్లు పని. తేలిక బరువైనా ఓపిక అయిపోయే దాకా తీస్తే కండ పెరుగుతుందని, ఒక్కసారి ఎత్తే బలానికి మాత్రం బరువైనవే కావాలని పరిశోధనలు చెబుతున్నదీ ఇదే. మాక్స్ ఆరు నెలలకోసారి చూస్తాను, అదీ పంట రోజుల్లో కాదు. చేతి చుట్టుకొలత 12 నుంచి 14.5 అంగుళాలకు వచ్చింది, ఎక్కువ భాగం ఈ చివరి దశలోనే.

తిండికి రెండు పద్ధతులకీ తేడా ఏమీ లేదు. కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు, నాకు రోజుకి 115 గ్రాముల చిల్లర. గుడ్డుకి ఆరు గ్రాములు వేసుకోండి. కోళ్ల ఫారాల మధ్య బతుకుతూ బరువు పెంచుతామనే గెయినర్ పొడి డబ్బాలకి మూడేసి వేలు పోయడం తెలివి కాదు, నేను రెండు డబ్బాలు పోశాకే తెలిసింది. బలానికి వాడే క్రియాటిన్ పొడి రోజుకి మూడు నుంచి ఐదు గ్రాములు, అది మాత్రం పనిచేసింది. జిమ్‌లో ఎవరైనా చెవిలో "సైకిల్" (స్టెరాయిడ్ల కోర్సు) అంటే లేచి వచ్చేయండి. నాతో చేరిన ఒకడు ఆ ఇంజెక్షన్లతో ఆర్నెల్లలో తయారయ్యాడు, ఇప్పుడు పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాడు.

నన్ను అడిగితే కొత్తవాళ్లు మొదటి ఎనిమిది నెలలు ఆ మూడు లిఫ్టులూ నేర్చుకోండి, ఐదేసి రెప్పులతో, మాక్స్ జోలికి పోకుండా. జిమ్‌లో ర్యాకు లేక స్మిత్ మెషీన్ (బారు పట్టాల మీద పైకీ కిందికీ మాత్రమే కదిలేది) ఒక్కటే ఉంటే పవర్‌లిఫ్టింగ్ మాట మర్చిపోయి డంబెళ్లతో బాడీబిల్డింగ్ చేసుకోండి, నష్టమేమీ లేదు. సాయంత్రం గంటకు మించి దొరకనివాళ్లకీ అదే మేలు, బరువైన సెట్ల మధ్య నాలుగైదు నిమిషాలు కూర్చోవాలంటే రెండు గంటలు పడుతుంది. పోటీ అంటే ఇష్టమా, ఏడాది తర్వాత ఒక్కసారైనా వెళ్లి ఎర్ర లైట్లు చూసి రండి.

పోయిన నెల మా బావమరిది చేరాడు. షేకరూ గ్లవ్సులూ తనే కొనుక్కున్నాడు, నోటుబుక్కు నేనిచ్చాను. మొదటి పేజీలో "చెస్ట్, బాగా చేశాను" అని రాశాడు. ఎన్ని కిలోలని అడిగితే తల గోక్కున్నాడు.