గుంటూరు విండోస్ నుంచి క్లౌడ్ లినక్స్‌కి డేటా పంపాలంటే ఏ క్యూ మేలు?

ముందు మా పరిస్థితి చెప్తాను, లేకపోతే ఈ పోలిక గాల్లో కట్టిన మేడలా ఉంటుంది. గుంటూరు ఏటుకూరు రోడ్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీ. వేబ్రిడ్జి, అంటే లారీ తూచే కాటా, పక్క గదిలో విండోస్ సర్వర్ 2012, దాని మీద ఎప్పుడో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రాసిన ప్రోగ్రామ్. మిర్చి లారీ కాటా ఎక్కగానే ఎన్ని టిక్కీలు (బస్తాలు), రకం తేజనా బాడిగనా, ఏ ఊరి రైతు అన్నీ అందులోకి ఎక్కుతాయి. కొత్త లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం క్లౌడ్‌లో, ఉబుంటు అనే లినక్స్ మీద, జావాలో ఉంది. విజయవాడ ఆఫీసువాళ్లు రసీదులు తీసేది దాంట్లోంచే. ఈ రెంటి మధ్య క్యూ, అంటే ఒకరు పంపిన మెసేజ్‌ని అవతలివాళ్లు తీసుకునేదాకా వరసలో దాచే సాఫ్ట్‌వేర్, పెడదామని మేం అయిదు పేర్లు రాసుకుని వెళ్తే ఓనరుగారు ఒకటే అడిగారు: "ఏమయ్యా, నెట్ పోతే కాటా ఆగుద్దా?"

ఆ ఒక్క ప్రశ్నతో మా పట్టిక సగం తారుమారైంది. క్యూ ఉంటే చాలు, డేటా భద్రం అనుకుంటాం కదా, కానీ క్యూ ఉండేది అవతలి ఊళ్లో. లైను పోయినప్పుడు మెసేజ్ క్యూ దాకా చేరితే కదా భద్రం!

ఈ విషయంలో మార్కులు కొట్టేసేది అందరూ ముసలిది అని పక్కన పెట్టే ఎంఎస్‌ఎంక్యూనే, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత క్యూ. 1997 నాటిది, విండోస్‌లో ఫీచర్ టిక్ పెడితే వచ్చేస్తుంది, వేరే ఖర్చు లేదు. మీరు పంపిన మెసేజ్ ముందు మీ మెషీన్‌లోనే ఔట్‌గోయింగ్ క్యూలో కూర్చుంటుంది, లైను వచ్చాక దానంతటదే కదులుతుంది. ఒక మెలిక ఉంది: మామూలుగా పంపితే అది ఎక్స్‌ప్రెస్ మెసేజ్, అంటే మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేస్తే గల్లంతు. రికవరబుల్ అని మనం ప్రత్యేకంగా పెట్టాలి. అసలు ఇబ్బంది అవతలి వైపు. లినక్స్‌లో దాన్ని నేరుగా చదివే క్లయింట్ లేదు, లినక్స్ మీద కూడా నడిచే డాట్‌నెట్ కోర్‌లో కూడా ఎంఎస్‌ఎంక్యూతో మాట్లాడే పాత సిస్టమ్ డాట్ మెసేజింగ్ లైబ్రరీ ఇవ్వలేదు. కాబట్టి మధ్యలో ఇంకో విండోస్ మెషీన్ పెట్టి, అది చదివి లినక్స్‌కి అందించాలి. రెండు విండోస్‌ల మధ్య అయితే ఇప్పటికీ వద్దనను. ప్లాట్‌ఫామ్ మారితే మాత్రం దండగ.

రాబిట్‌ఎంక్యూ మా కుర్రాళ్లకి ముద్దు. 2007లో వచ్చింది, ఎర్లాంగ్ భాషలో రాశారు, ఏఎంక్యూపీ అనే అందరికీ ఉమ్మడి ప్రొటోకాల్ మాట్లాడుతుంది కాబట్టి ఇటు డాట్‌నెట్ ఉన్నా అటు జావా ఉన్నా గొడవ లేదు. బ్రోకర్‌ని, అంటే క్యూలు నడిపే సర్వర్‌ని, లినక్స్ మీదే పెట్టండి, విండోస్‌లో క్లయింట్ లైబ్రరీ చాలు. మొదటి రోజు అందరూ తినే దెబ్బ ఏంటంటే దాంతో పాటే వచ్చే గెస్ట్ యూజర్ లోకల్‌హోస్ట్, అంటే అదే మెషీన్, నుంచే పనిచేస్తాడు, బయటి నుంచి రానివ్వదు. దానికంటే పెద్ద దెబ్బ: మెసేజ్‌లని క్యూలకి పంచే ఎక్స్‌ఛేంజ్‌కి ఏ క్యూనీ బైండ్ చేయకుండా (జోడించకుండా) పంపితే మెసేజ్ చప్పుడు లేకుండా మాయమవుతుంది, మ్యాండేటరీ ఫ్లాగ్ పెడితేనే తిరిగొస్తుంది. పబ్లిషర్ కన్ఫర్మ్, అంటే అందిందని బ్రోకర్ ఇచ్చే జవాబు, లేకుండా పంపడం అంటే ఉత్తరం రోడ్డు మీద పడేసి వచ్చినట్టే. ఇక ఓనరుగారి ప్రశ్నకి? లైను లేకపోతే క్లయింట్‌కి ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తుంది, అంతే. డిస్క్ మీద దాచిపెట్టదు. స్టోరేజీలోనే ఇంకో చిన్న రాబిట్ పెట్టి షవల్ ప్లగిన్‌తో పైకి తోడించొచ్చు, కానీ వేబ్రిడ్జి గదిలో ఎర్లాంగ్ సర్వీసు పడిపోతే లేపేదెవరు? అక్కడుండేది కాటా గుమస్తా.

కాఫ్కా గురించి ఎక్కువ చెప్పను. లింక్డ్‌ఇన్‌లో పుట్టింది, 2011లో ఓపెన్ సోర్స్ అయింది. అదే డేటాని పది చోట్ల పదిసార్లు చదవాలంటే దానికి సాటి లేదు, మామూలుగా వారం రోజులు దాచి ఉంచుతుంది కూడా. మాకు సీజన్‌లో రోజుకి 5 వేల మెసేజ్‌లు దాటవు. రెండు టిక్కీలు తోలడానికి గూడ్సు రైలు మాట్లాడుకున్నట్టుంటుంది. ఐబీఎం ఎంక్యూ నిజంగా అన్ని ప్లాట్‌ఫామ్‌లనీ కలుపుతుంది, మెయిన్‌ఫ్రేమ్‌ల దాకా, అక్షరాల కోడింగ్ కూడా తనే మారుస్తుంది. కానీ లైసెన్సు మాట ఎత్తగానే మా మీటింగు అయిపోయింది.

మిగిలింది అమెజాన్ ఎస్‌క్యూఎస్. సర్వర్ చూసుకునే పని లేదు, అంతా మామూలు హెచ్‌టీటీపీఎస్, ఫైర్‌వాల్‌లో కొత్త పోర్టు తెరవక్కర్లేదు, 2022 నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది. నెలకి మొదటి 10 లక్షల రిక్వెస్టులు ఉచితం. మా లెక్క: రోజుకి 5 వేలంటే నెలకి లక్షన్నర మెసేజ్‌లు, ఒక్కోదానికి పంపడం, తీసుకోవడం, తుడిచేయడం కలిపి 3 రిక్వెస్టులు, అంటే నాలుగున్నర లక్షలు. లాంగ్ పోలింగ్, అంటే మెసేజ్ ఉందా అని ఒకసారి అడిగి జవాబు కోసం ఆగడం, 20 సెకన్లు పెడితే ఖాళీగా ఉన్నా రోజుకి 4,320 రిక్వెస్టులు మాత్రమే. అది మర్చిపోయి సెకనుకోసారి అడిగారా, నెలకి 26 లక్షలు ఊరికే అడగడానికే! మెసేజ్‌లు మామూలుగా 4 రోజులు ఉంటాయి, 14 దాకా పెంచుకోవచ్చు. పాత విండోస్‌తో చిక్కు హెచ్‌టీటీపీఎస్‌కి తాళం వేసే టీఎల్‌ఎస్ 1.2 దగ్గర వస్తుంది. డాట్‌నెట్ 4.5 దాన్ని తనంతట తాను వాడదు, ప్రోగ్రామ్‌ని 4.6 లేదా ఆ పైదానికి టార్గెట్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే పోతుంది.

మేం ఎస్‌క్యూఎస్ తీసుకున్నాం. రాత్రి లేచి రాబిట్‌ని చూసే మనిషి మాలో ఉండుంటే రాబిట్ అనేవాణ్ణి, ఇందులో దాపరికం లేదు. అయితే నెట్ పోయిన సంగతి ఇదీ తీర్చదు. అందుకని కాటా వివరం డేటాబేస్‌లో రాసేటప్పుడే, అదే ట్రాన్సాక్షన్‌లో ఔట్‌బాక్స్ అనే టేబుల్‌లో ఇంకో వరుస రాస్తాం. చిన్న విండోస్ సర్వీసు ఆ వరుసలు తీసి పంపి, జవాబొచ్చాకే పంపినట్టు గుర్తు పెడుతుంది. జవాబు దారిలో పోతే అదే మెసేజ్ రెండోసారి వెళ్తుంది కాబట్టి ప్రతి కాటాకీ ఒక ఐడీ, అటువైపు దాని మీద యూనిక్ కీ, అంటే అదే ఐడీ రెండోసారి ఎక్కనివ్వని కట్టడి. లేదంటే ఒక లారీ రెండు లారీలవుతుంది.

క్యూ ఏదైనా ఇంకో రెండు తిప్పలున్నాయి. డాట్‌నెట్‌లో అక్షరాలని బైట్లుగా మార్చేందుకు ఎన్‌కోడింగ్ డిఫాల్ట్ అని రాసిన కోడ్ లైను పాత విండోస్‌లో ఒకలా, లినక్స్ మీది కొత్త డాట్‌నెట్‌లో ఇంకోలా నడుస్తుంది. మా వైపు నుంచి ప్రత్తిపాడు అని ఊరి పేరు వెళ్లింది అక్కడ వరసగా ప్రశ్నార్థకాలై దిగింది. యూటీఎఫ్-8 అని చేత్తో రాయాల్సిందే. ఇక టైము: సర్వర్ మన టైములో కాక యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే తెల్లవారుజామున 4కి దిగిన సరుకు ముందురోజు లెక్కలో పడుతుంది, అయిదున్నర గంటల తేడా మరి.

సీజన్‌కి ముందు ఓనరుగారే వచ్చి రౌటర్ స్విచ్ ఆపేశారు. మూడు లారీలు కాటా అయ్యేదాకా ఆన్ చేయనివ్వలేదు. తర్వాత విజయవాడకి ఫోన్ చేసి, మూడూ వచ్చాయా, ఒక్కోటి ఒక్కసారే వచ్చిందా అని అడిగి మరీ ఫోన్ పెట్టేశారు.