ఒక్క ఫొటోనా, ఫొటో కథనమా: పత్రికకు ఏది పంపాలి?

గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది. అందుకే "పత్రికకు ఒక్క మంచి ఫొటో పంపాలా, పది ఫొటోల కథనం పంపాలా" అని కడప కుర్రాళ్లు అడిగితే, ముందు దేన్ని తీశారని అడుగుతాను.

ఖర్చు: ఒక్క ఫొటోకి ఒక పొద్దున, బండికి పెట్రోలు. కథనానికి అదే ఊరికి నాలుగైదుసార్లు తిరగాలి.

శ్రమ: ఒక్క ఫొటోకి రెండు వరుసల క్యాప్షన్ చాలు. కథనం అలా కాదు. అనంతపురం దగ్గర శనక్కాయలు పీకుతున్నారనుకోండి. చేనంతా కనిపించేలా ఒకటి, కాయలు తెంపే చేతులు, గోళ్ల సందుల్లో ఎర్రమట్టి, చింతచెట్టు కింద సద్ది విప్పుకునే వేళ ఇంకొకటి. పేర్లు, ఊరు, తేదీ రాసుకోవాలి. ముఖం కనిపించేవాళ్ల అనుమతి అడగాలి. నాకు బాగా ఇష్టమైన పని ఇదే.

రిస్క్: ఒక్క ఫొటో వద్దన్నా పోయేది తక్కువ. కథనం వద్దంటే నెలల కష్టం. కాబట్టి ముందు నాలుగు ఫొటోలు, ఐదు వాక్యాలు పంపి ఎడిటర్‌కు ఆసక్తి ఉందో లేదో కనుక్కోండి.

ఏది పంపినా అసలు ఫైలు దాచుకోండి. 8×10 అంగుళాల ముద్రణకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) 2400×3000 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది.

ఆదివారాలు మాత్రమే కెమెరా పట్టేవాళ్లు, కర్నూలు కొండారెడ్డి బురుజు వెనక మెరుపు లాంటిది దొరికినవాళ్లు ఒక్క ఫొటో పంపండి. ఊళ్లో పదిమందితో చనువుండి, మళ్లీ మళ్లీ వెళ్లగలిగినవాళ్లు కథనం పంపండి.