పనస చెక్క మెట్లు: ఐదేళ్లు తొక్కాక

మా ఇంటి మెట్లకు చెక్క వేయించి ఐదేళ్లు కావస్తోంది. చెక్క మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. నేను దెబ్బతిన్నది ఒక్క అంగుళం దగ్గర. ఆ సంగతికి వస్తాను.

ఇల్లు శ్రీకాకుళం టౌన్‌లో. మేడ మీదికి 16 మెట్లు, మలుపు దగ్గర ఒక చప్టా. నాన్న కట్టించిన నాటి సిమెంటు గచ్చు, అంచులన్నీ పెచ్చులూడాయి. గ్రానైట్ వేయిద్దామనుకుంటుండగా తిత్లీ వచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అని చూడకుండా పడగొట్టింది. కవిటి వైపు మా తాతగారి తోటలో రెండు పెద్ద పనసలు వేళ్లతో సహా లేచిపోయాయి. వంటచెరుకు ధరకు అడిగారు. అమ్మ ఇవ్వనంది.

మెట్లకు ఆ పనసే వాడదామనుకున్నాం. అయినా మిగతా చెక్కలూ చూశాను. డిపోలో టేకు ఘనపు అడుగు నాలుగు వేలకు తక్కువ చెప్పలేదు. గుగ్గిలం చెక్క (సాల్) చవకే, గట్టిది కూడా, కానీ ముందుగా బెజ్జం వేయకుండా మేకు దింపితే చీలుతుంది, ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. రబ్బరు చెక్క ముక్కలు అతికించి చేసిన రెడీమేడ్ పలకలు చూడ్డానికి నున్నగా ఉన్నాయి. మన సముద్రగాలి తేమకు ఆ చెక్క బూజు పడుతుంది, పుచ్చుతుంది, మందు సరిగ్గా పట్టించి ఉంటే తప్ప. పనసలో చేవ భాగానికి, అంటే మాను నడిమి గట్టి చెక్కకు, చెద అంత తేలిగ్గా పట్టదు. బొబ్బిలి వీణ చేసేది ఈ చెక్కతోనే. అయితే వీణ మీద ఎవరూ గ్యాస్ సిలిండర్ దొర్లించరు కాబట్టి ఆ పొగడ్తను మెట్లకు మొత్తంగా వాడుకోకూడదు.

కోత మిల్లులో అంగుళంపావు మందాన పలకలు కోయించాం. కోసిన రోజే చివర్లకు రంగు పూసి, మధ్యలో పుల్లలు పెట్టి, షెడ్డులో దొంతర పేర్చాం. చివర్లకు రంగు పూయకపోతే తేమ అక్కడి నుంచి తొందరగా పోయి పగుళ్లొస్తాయి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క. 2020 వేసవికే వేయిద్దామనుకున్నాం గానీ లాక్‌డౌన్ వచ్చింది, చెక్కకు అదే మేలయింది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొన్నాను. మొదట్లో 24 శాతం చూపింది, 2021 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టేనాటికి 13. చెక్క పని మీద డబ్బు పెట్టేవాళ్లు ముందు ఆ మీటరు కొనండి, మాటల మీద నమ్మకం పెట్టుకోకండి.

పాలిష్ కొట్టని పలకలే బిగించి, బిగించాక నునుపు చేయించాం. ఏ ఇంటి గోడా తిన్నగా ఉండదు. ముందే పాలిష్ అయిన పలకను గోడ వంకరకు తగ్గట్టు చెక్కితే ఆ కోసిన చోటు తెల్లగా తేలుతుంది. పాలిష్ కొట్టని పలకైతే చిత్రిక పట్టి, 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180 దాకా రుద్దితే ఎక్కడ కోశారో తెలియదు. మా మేస్త్రి ప్రతి మెట్టుకూ విడిగా అట్టతో మూస తీశాడు. నేను విసుక్కుంటే, "చెక్క బాగానే ఎండింది బావూ, మీ గోడే వంకర" అన్నాడు. నిజమే. 16 మూసల్లో ఏ రెండూ ఒకటి కాలేదు. 11 అంగుళాల వెడల్పు ఒకే పలకలో వచ్చినవి తొమ్మిది, మిగతావి రెండేసి ముక్కలు జతచేసినవి. సిమెంటు మీద జిగురు, స్క్రూలు, స్క్రూ తలల మీద అదే చెక్క బిళ్ళలు. గోడ వైపు చిన్న సందు వదిలాడు, వానాకాలం చెక్క ఉబ్బితే చోటుండాలిగా. ఇద్దరు మనుషులకు పదకొండు రోజుల పని.

ఒక తప్పు అప్పుడే జరిగింది. పలకల అడుగు భాగానికి కూడా నూనె పట్టించాలి. హడావిడిలో మూడింటికి పట్టించలేదు, నేనూ చూసుకోలేదు. ఆ సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటి వాన కుమ్మేసినప్పుడు ఇంట్లో తలుపులన్నీ బిగుసుకున్నాయి, ఆ మూడు పలకలు దోనెలా వంగాయి. ఎండలొచ్చాక రెండు సర్దుకున్నాయి. మూడోది ఇప్పటికీ వానాకాలంలో కిర్రుమంటుంది.

ఇక అంగుళం సంగతి. మా సిమెంటు మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు. చిత్రిక పట్టాక పలక మందం అంగుళం. అన్ని మెట్ల మీదా అంగుళం పెరిగితే మధ్యలో తేడా రాదు. చప్టాకూ అదే మందం వేశాం కాబట్టి అక్కడా రాలేదు. కానీ కింద, పైన నేల లేవలేదు కాబట్టి మొదటి మెట్టు ఏడున్నర అయింది, ఆఖరిది ఐదున్నర. ఇళ్లకు జాతీయ భవన నియమావళి చెప్పే గరిష్ఠం 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నరకు కాస్త తక్కువ. మా మొదటి మెట్టు ఆ గీత దాటీదాటనట్టు కూర్చుంది. కానీ పెద్ద మెట్టు కంటే తేడా మెట్టే ప్రమాదం. కాలు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతుంది, మనకు తెలియదంతే. ఆఖరి మెట్టు దగ్గర కాలు ఎక్కువ ఎత్తి ధబ్బున వేస్తాం, లేని మెట్టు ఎక్కినట్టు. వారంలోనే అమ్మ బట్టల బకెట్‌తో తూలింది. "ఏటిరా ఇది, మెట్టుందో నేదో తెలీడం నేదు" అంది.

కింద హాల్లో టైల్స్ వేయించాం, అంగుళం లేచి మొదటి మెట్టు సరిపోయింది. పైన కూడా వేయిస్తే లెక్క కుదిరేది, అప్పటికి డబ్బులు అయిపోయాయి. పై మెట్టు పలకను ఊడదీసి పావు అంగుళం పల్చన చేశాడు మేస్త్రి, కొంత నయం. మీరు పలకలు కొనకముందే పైన, కింద నేల ఎంత లేవబోతోందో కొలుచుకోండి. నేను చెక్క గురించి రెండేళ్లు ఆలోచించి దీని గురించి రెండు నిమిషాలు ఆలోచించలేదు.

పైపూత సంగతి. మెరిసే పీయూ (పాలీయురేథేన్, ప్లాస్టిక్ పొరలాంటిది) కోటింగ్ వద్దన్నాను, తడికాళ్లతో తిరిగే ఇల్లు మాది. అవిసె నూనె మూడు పూతలు వేయించాను. ఏడాదికోసారి నేనే పూస్తాను, ఒక ఆదివారం పోతుంది. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విప్పి ఆరేయాలి. ఇక బకెట్ నీళ్లతో మెట్లు కడిగే అలవాటు మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది. శుక్రవారం మొదటి మెట్టుకు పసుపు రాయడం మాత్రం మాన్పించలేకపోయాను. నూనె పూత మీద పసుపు దిగిపోతుంది. చెక్క ఎలాగూ పచ్చగానే ఉంది కదా అంటుంది అమ్మ. అప్పట్లో ఉండేది. ఇప్పుడు ముదిరి తేనె రంగుకు, కిటికీ దగ్గరి మెట్లయితే గోధుమ రంగుకు వచ్చాయి. పూలకుండీ పెట్టిన చోట మాత్రం గుండ్రంగా పాత పసుపే ఉంది.

అరుగుదల అనుకున్నదానికంటే తక్కువ. కింది నాలుగు మెట్ల అంచులు మధ్యలో కాస్త గుండ్రమయ్యాయి. సిలిండర్ అంచు పడిన నొక్కులు చాలానే ఉన్నాయి. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెడితే ఆవిరికి చెక్క ఉబ్బి నొక్కు చాలావరకు పైకి లేస్తుంది. పీయూ వేసి ఉంటే ఈ వైద్యం కుదిరేది కాదు. పుచ్చు ఒక్కచోటే కనబడింది, చేవ కాని తెల్ల చెక్క మిగిలిపోయిన ఒక అంచులో సన్నగా పిండి రాలింది. ఆ ముక్క తీయించి అతుకు వేయించాను.

పైన టైల్స్ ఇంకా వేయించలేదు. కొత్తవాళ్లు ఎవరైనా మేడ ఎక్కుతుంటే అమ్మ వంటింట్లోంచే కేకేస్తుంది, "ఆఖరి మెట్టు పొట్టిదమ్మా, చూసుకోండి" అని.