ఖాకీ కలా, మూడో రౌండా?

మా తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. తెల్లవారుజామున తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పరుగు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అయిపోవాలి. రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని, ఖాకీ డ్రస్సులో తనను తాను చూసుకుంటాడు. ఎవరో యూట్యూబులో చెప్పారట.

ఆ ఊహ తప్పనను. బద్ధకం వేసిన రోజు మంచం మీంచి లేపేది అదే. కానీ గెలిచేసినట్టు మనసు ముందే తృప్తి పడితే కాళ్లకు చురుకు తగ్గుతుంది.

రెండో పద్ధతిలో ఊహించాల్సింది ఫలితాన్ని కాదు, పనిని. 400 మీటర్ల ట్రాకులో నాలుగు రౌండ్లు. మొదటిదాంట్లో ఎగబడకుండా ఆపుకోవడం, మూడోదాంట్లో డొక్కలో పోటు వస్తే ఊపిరి సర్దుకోవడం, చివరి మలుపులో చేతులు ఊపడం. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కేవాళ్లకి ఇది కొత్తేం కాదు. దారిలో నిటారుగా ఉండే మోకాళ్ల పర్వతాన్ని తలుచుకునే, ముందునుంచీ ఓపిక దాచుకుంటారు.

1999లో ఫామ్, టేలర్ అనే పరిశోధకులు విద్యార్థుల మీద ఈ రెండింటినీ పోల్చి చూశారు. మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్ల కంటే, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లకే పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు నిండినా, చేతి విసుర్లు లెక్కపెట్టుకుంటూ ఈది 200 మీటర్ల బటర్‌ఫ్లై గెలిచాడు. ఇబ్బందుల్ని ముందే ఊహించుకోవడం అతనికి అలవాటు.

నా ఓటు రెండోదానికే. "అయితే ఖాకీ కల మానేయమంటావా అక్కా?" అన్నాడు తమ్ముడు. మానొద్దు, దానికి నిమిషం చాలు, మిగతా టైమంతా మూడో రౌండుకి ఇవ్వమన్నాను. నిన్న 8 నిమిషాల 10 సెకన్లు వచ్చింది.